చెయ్యి జారిందా, మనసు మారిందా?

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు మన పెద్దవాళ్ళు. బ్రిడ్జ్ ఆట రూల్స్ పుస్తకం దీనికి సరిగ్గా ఎదురు చెబుతుంది. అక్కడ నోరు జారితే తీసుకోవచ్చు, చెయ్యి జారినా తీసుకోవచ్చు. మనసు మారితే మాత్రం తీసుకోవడానికి లేదు. మొదటిసారి చదివినప్పుడు ఇంత సబబైన రూల్ ఇంకోటి ఉండదనిపించింది. ఆ తర్వాత ఒక ఆదివారం ఆ రూల్ ముందు నేనే నిలబడాల్సి వచ్చింది.

ఆట తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. నలుగురు, రెండు జట్లు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు పార్ట్‌నర్లు. 52 ముక్కలూ తలా 13 పంచుతారు. ఆట మొదలయ్యే ముందు వేలం జరుగుతుంది: ఫలానా రంగు తురుపైతే మేం ఇన్ని ట్రిక్కులు గెలుస్తాం అని ఒకరి మీద ఒకరు పాడాలి. ఒకటి నుంచి ఏడు దాకా, నాలుగు రంగుల్లోనూ, తురుపు లేని నోట్రంప్‌లోనూ కలిపి 35 పాటలు. పాస్, డబుల్, రీడబుల్ కలిపితే 38. పార్ట్‌నర్‌తో మాట్లాడుకోవడానికి ఉన్న భాషంతా ఈ 38 మాటలే. నిట్టూర్చకూడదు, మొహం చిట్లించకూడదు. మాటలు తక్కువ కాబట్టి ఒక్కోదానికి ఏ అర్థమో జట్టు ముందే ఒప్పుకుని పెట్టుకుంటుంది. పార్ట్‌నర్ ఒక నోట్రంప్ పాడితే, నా దగ్గర ఇస్పేట్లు ఎక్కువున్నాయని చెప్పడానికి నేను రెండు ఆటీన్లు పాడతాను. ఆయన దాన్ని ఇస్పేట్లుగా అర్థం చేసుకుంటారు. స్పేడ్స్‌ని ఇస్పేటనీ హార్ట్స్‌ని ఆటీననీ అనడం మా తాతయ్య దగ్గర పట్టుకున్న అలవాటు, ఇప్పుడు మార్చుకోలేను.

క్లబ్బుల్లో నోటితో పాడరు. బల్ల పక్కన చిన్న పెట్టె ఉంటుంది, అందులోంచి కార్డు తీసి ముందు పెట్టాలి. రెండు ఆటీన్ల కార్డూ రెండు ఇస్పేట్ల కార్డూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. ఒకటి తియ్యబోతే ఇంకోటి రావడం మామూలే. అందుకే రూల్స్‌లో 25వ నియమం పెట్టారు. నువ్వు వెయ్యాలనుకున్నది ఒకటి, బల్ల మీదికొచ్చింది ఇంకోటి అయితే, పార్ట్‌నర్ తన వంతు పాడేలోపు మార్చుకోవచ్చు. శిక్షేమీ లేదు. పక్కనున్న ప్రత్యర్థి నీ మొదటి పాటని చూసి ఏదైనా పాడేసి ఉంటే అతనూ వెనక్కి తీసుకోవచ్చు. కానీ వెయ్యాలనుకున్నదే వేసి, తర్వాత అయ్యో అనుకుంటే కుదరదు. పరధ్యానంగా ఉన్నాను, లెక్క తప్పాను, మర్చిపోయాను లాంటివేవీ చెల్లవు. 2017 నాటి పుస్తకంలో ఇంకో మాట కూడా ఉంది: పొరపాటు జరిగిందని నీకు ఎలా తెలిసిందన్నది ముఖ్యం కాదు. ఎవరి మాట వల్ల తెలిసినా సరే, నిజంగా చెయ్యి జారి ఉంటే చాలు.

ఇక ఆదివారం సంగతి. నేను ఆడేది ఒక పెద్దాయనతో. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, డెబ్బై దాటాయి. నేను సార్ అంటాను, ఆయన నన్ను అమ్మా అంటారు. చేతులు కొంచెం వణుకుతాయి. పెట్టెలోంచి కార్డు తియ్యడానికి ఒక్కోసారి రెండు మూడు ప్రయత్నాలు పడుతుంది. ఆ రోజు సార్ ఒక నోట్రంప్ పాడారు. నా దగ్గర అయిదు ఇస్పేట్లు. నేను రెండు ఇస్పేట్ల కార్డు తీసి పెట్టాను. సార్ అలర్ట్ కార్డు చూపించారు. ప్రత్యర్థి అడిగితే, "ఆవిడకి కళావర్లు ఎక్కువున్నాయని అర్థం" అన్నారు. అప్పుడు వెలిగింది నాకు. మా ఒప్పందం ప్రకారం నేను పాడాల్సింది రెండు ఆటీన్లు.

డైరెక్టర్‌ని పిలిచాను. ఆయన నన్ను బల్ల నుంచి పక్కకి తీసుకెళ్ళి ఒకటే అడిగారు. "ఆ కార్డు తీసేటప్పుడు ఏది తియ్యాలనుకున్నారు?"

మూడు సెకన్లు పట్టి ఉంటుంది. "ఆటీన్లే. పక్క కార్డు వచ్చేసింది."

ఆయన నమ్మారు. నమ్మక ఏం చేస్తారు? కార్డులు పక్కపక్కనే ఉన్నాయి. అదే పాస్ బదులు ఇస్పేటు వచ్చిందంటే అనుమానపడేవారు, పాస్ కార్డులు వేరే అరలో ఉంటాయి కాబట్టి. నేను ఆటీన్లకి మార్చాను, సార్ రెండు ఇస్పేట్లు పాడారు, ఎనిమిది ట్రిక్కులు వచ్చాయి, 110 పాయింట్లు రాసుకున్నాం. నిజం చెప్పి ఉంటే పాట అలాగే ఉండిపోయేది. అంతే కాదు, సార్ ఇచ్చిన వివరణ నేను విననట్టే ఆ తర్వాత కూడా పాడాల్సి వచ్చేది. లేని కళావర్లలో ఎక్కడో మునిగేవాళ్ళం.

నేను అబద్ధం చెప్పానా? ఇంటికొచ్చాక ఒక వాదన కట్టుకున్నాను. నా ఉద్దేశం ఇస్పేట్లున్నాయని చెప్పడం. ఆ ఉద్దేశం మారలేదు. దానికి సరైన కార్డు ఆటీన్లు. కాబట్టి నేను "అనుకున్నది" ఆటీన్లే. వినడానికి బాగానే ఉంది. కానీ డైరెక్టర్ అడిగింది నేనేం చెప్పదలిచానని కాదు, ఏ కార్డు తియ్యాలనుకున్నానని. నా వేళ్ళు నేను చెప్పిన చోటికే వెళ్ళాయి.

ఆస్టిన్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1956లో సాకుల గురించి చేసిన ఒక ప్రసంగంలో గాడిదల ఉదాహరణ ఒకటుంది. మీ గాడిదా నా గాడిదా ఒకే పొలంలో మేస్తున్నాయి. నా గాడిద మీద నాకు విసుగు పుట్టింది. గురి చూసి కాల్చాను, పడిపోయింది. దగ్గరికెళ్ళి చూస్తే మీది. ఇంకోసారి, నా గాడిదకే గురి పెట్టాను, పేల్చే క్షణంలో అవి కదిలాయి, మీది పడిపోయింది. రెండుసార్లూ చచ్చింది మీ గాడిదే, రెండుసార్లూ నేను కావాలని చెయ్యలేదు. అయినా మొదటిది పొరబడటం, రెండోది గురి తప్పడం. బ్రిడ్జ్ రూల్ క్షమించేది రెండోదాన్నే. నాది మొదటి రకం. గురి చూసిన గాడిదనే కొట్టాను.

ఎందుకీ తేడా? చెయ్యి జారిన కార్డులో నా ఆలోచన లేదు, దాన్ని తీసేస్తే పోయేదేమీ లేదు. మనసు మార్చుకున్న పాట అలా కాదు. ముందొకటి చెప్పి, తర్వాత ఇంకోటి చెబితే, పార్ట్‌నర్‌కి నా చేతి గురించి రెండు మాటలు విన్నట్టవుతుంది. 38 మాటల భాషలో అది అన్యాయమే. ఇంతవరకూ రూల్‌తో నాకు పేచీ లేదు.

పేచీ ఇంకోచోట ఉంది. చేతులు వణికేవాళ్ళకి ఈ రూల్‌లో చోటుంది. మతిమరుపు వచ్చినవాళ్ళకి లేదు. ఒంటి బలహీనత పొరపాటూ, బుర్ర బలహీనత తప్పూ ఎలా అయ్యాయి? రెండూ మనం కోరి తెచ్చుకున్నవి కావు కదా. 1997 నాటి పుస్తకంలో ఇంకో దారి ఉండేది. పక్క ప్రత్యర్థి పాడేలోపు, చెయ్యి జారలేదు, మనసు మార్చుకున్నానని ఒప్పుకుని కూడా పాట మార్చుకోవచ్చు. ప్రత్యర్థి ఒప్పుకోకపోతే ఆ బోర్డులో సగటు కన్నా తక్కువ, అంటే 40 శాతానికి మించి రాదు. నిజానికి ఒక ధర ఉండేది, అది కట్టేస్తే సరిపోయేది. 2007లో ఆ దారి మూసేశారు. ఇప్పుడు దిద్దుకోవాలంటే చెయ్యి జారిందనడం ఒక్కటే మిగిలింది.

బయట మాత్రం వేరేగా ఉందా? నోరు జారానంటే సరేలే అంటారు. అప్పుడు అలాగే అనుకున్నాను, ఇప్పుడు కాదనిపిస్తోంది అంటే మాట మార్చాడంటారు. అందుకే నాయకుడు నిన్నటి మాటని వక్రీకరించారంటాడు. ఆఫీసులో నిలువునా కడిగేసి, సాయంత్రం మనం కూడా, "అలా అనాలనుకోలేదు, ఏదో ఫ్లోలో వచ్చేసింది" అని మెసేజ్ పెడతాం. అనాలనుకునే అన్నాం. జారడానికి క్షమాపణ దొరుకుతుంది గనక, మారడాన్ని కూడా జారడంగా చూపించడం నేర్చుకున్నాం. అలా చెప్పగా చెప్పగా ఏది జారిందో, ఏది మారిందో మనకే గుర్తుండదు. ఇప్పుడు ఆ ఆదివారాన్ని తలుచుకుంటే నా వేళ్ళు ఆటీన్ల కార్డు మీద ఉన్నట్టే కనిపిస్తుంది. అది జ్ఞాపకమో, నేను డైరెక్టర్‌కి చెప్పిన కథో విడదియ్యలేను.

కొన్ని నెలల తర్వాత సార్ ఇలాగే ఒక పాట తప్పు పాడారు. మేం ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న ఒప్పందమే. కార్డు పెట్టి, మళ్ళీ దాన్ని చూసి, తల పట్టుకున్నారు. నేనింకా పాడలేదు. డైరెక్టర్ వచ్చారు. ఆయన అడక్కముందే ప్రత్యర్థుల్లో ఒకాయన, "చెయ్యి జారి ఉంటుందండీ, మార్చుకోనివ్వండి" అన్నారు. అందరికీ తెలుసు సార్ చేతుల సంగతి. అవునంటే చాలు.

సార్ బల్ల దగ్గర్నుంచి లేవను కూడా లేదు. "లేదండీ, చెయ్యి బాగానే ఉంది. మర్చిపోయాను," అన్నారు.

బల్ల చుట్టూ ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఆ వయసులో ఆ మాట అనడానికి పాయింట్ల కన్నా ఎక్కువే ఖర్చవుతుంది. పాట అలాగే ఉంది. ఆ బోర్డులో దారుణంగా ఓడిపోయాం.

ఇంటికి తీసుకెళ్తూ, కారులో, నా రెండు ఇస్పేట్ల సంగతి ఆయనకి చెప్పాను. ఆయన కాసేపు రోడ్డు వైపు చూశారు.

"ఏ బోర్డమ్మా? నాకు గుర్తు లేదే," అన్నారు.

నిజంగా మర్చిపోయారో, నా కోసం మర్చిపోయారో నేనడగలేదు.