అగ్నిబాణము

ధ్యానభాగము: ఎఫెసీయులకు 6:10–17



చింతపల్లి మన్యమందలి లంబసింగిలో డిసెంబరు, జనవరి రాత్రులు నెగడు లేక గడువవు. చుట్టు కూర్చుండి చలి కాచుకొందుము. ఆ నిప్పు మనకు మేలు. అందలి కొరవి ఒకటి గడ్డికప్పుమీద పడెనా, తెల్లవారునప్పటికి బూడిదయే మిగులును. నెగడు చుట్టు పుట్టు మాటలును అట్టివే.

పౌలు ఈ భాగములో 'అగ్నిబాణములు' అను మాట వాడెను. గ్రీకు మూలమందు 'బెలోస్' అను పదమున్నది. విసరుట అను క్రియనుండి పుట్టినది. దానికి చేర్చిన పదమునకు 'నిప్పంటింపబడిన' అని యర్థము. అనగా ఆ బాణము తనంతట మండలేదు. ఒకడు అంటించెను, ఒకడు విసరెను. 11వ వచనములో సాతానునకు వాడిన 'దియాబొలొస్' అను పేరును ఆ 'విసరుట' నుండియే వచ్చినది. మన తెలుగు బైబిలులో అది 'అపవాది'. నింద మోపువాడని భావము. కాబట్టి వాని అగ్నిబాణములలో అపనింద యొకటి యనుటలో సందేహము లేదు.

పూర్వపు యుద్ధములలో ఇట్టి ఆయుధములు నిజముగా నుండెను. క్రీ.పూ. 219లో హన్నిబాలు స్పెయిన్ దేశపు సగుంతు పట్టణమును ముట్టడింపగా, పట్టణస్థులు ఈటెలకు నార చుట్టి, కీలు పూసి, నిప్పంటించి విసరిరని రోమా చరిత్రకారుడు లివీ వ్రాసెను. ఆ ఈటె డాలుకు గ్రుచ్చుకొని దేహమును తాకకపోయినను, భటుడు మంటకు భయపడి డాలునే పారవేయును. పిమ్మట వచ్చు దెబ్బలకు అతనికి మరుగుండదు.

ఇక్కడ ఒక ప్రశ్న. నింద పుట్టించినవాడు దోషియే, విన్నవాడును దోషియా? కానుకల సొమ్ము ఫలాని సహోదరుడు వాడుకొనెనని నెగడువద్ద ఒక మాట లేచినదనుకొనుడి. చెవినబడినంతమాత్రమున పాపము కాదు. దానిని సంతకు మోసికొనిపోయిన యెడల మనమే విల్లు పట్టినవారము. లెక్కపుస్తకము చూడక, అతనిని అడుగక, ఆదివారమున అతనికి ఎడముగా కూర్చుండినను మనము గడ్డికప్పు అయితిమి. మేమును అట్లు కూర్చుండిన దినములు కలవని సిగ్గుతో ఒప్పుకొనుచున్నాము.

తప్పు నిజముగా జరిగియున్న యెడల కప్పిపుచ్చవలెనా? వలదు. మత్తయి 18:15లో ప్రభువు మార్గము చూపెను: మొదట అతనియొద్దకే, ఒంటరిగా పోవలెను.

నిందపడిన సహోదరుడా, సహోదరీ, నీతో ఒక మాట. మందిరము మానివేయకుము, ప్రభువు బల్లకు దూరము కాకుము. నీవు విశ్వాసమను డాలు పారవేయవలెననియే ఆ బాణము వచ్చినది.

నెగడు వేసికొందము; కొరవిని మాత్రము నెగడు దాటనీయకుందము. ప్రభువు మన నోటికి కావలి యుంచును గాక. ఆమేన్.