కళ్ళెం పట్టే చేయి

బాగ్ లింగంపల్లి వీధుల్లో మన పిల్లలకు గుర్రం కనబడేది పెళ్ళి బారాత్‌లోనే. స్వారీ నేర్చుకోవాలంటే ఊరు దాటి అజీజ్‌నగర్ వైపు వెళ్ళాలి. ‘కొడుకు మారాం చేస్తున్నాడు, ఈ ఖర్చు దుబారా కాదా?’ అని ఒక తండ్రి అడిగారు.

దైవప్రవక్త (స) స్వయంగా గుర్రాల పరుగు పోటీలు జరిపించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) అందులో పాల్గొన్నారు. మలక్‌పేట రేసుల జూదంతో దాన్ని పోల్చకండి. అప్పు చేయనవసరం లేకపోతే నిస్సంకోచంగా పంపండి.

అయితే సంకల్పం చూసుకోవాలి. గుర్రం ఒకరికి పుణ్యం, ఒకరికి ఆసరా, మరొకరికి పాపభారమని బుఖారీ హదీసు తెలుపుతోంది. ఆ మూడోవాడు గొప్పల కోసం పెంచినవాడు.

ఇంకో మాట. హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి మొండికేసిన ఒంటెను అటూ ఇటూ గుంజుతుంటే, మృదువుగా వ్యవహరించమని ప్రవక్త (స) ఆమెకు బోధించారు (ముస్లిం). కళ్ళెపు ఇనుము గుర్రం నోట్లో పళ్ళులేని చిగురు మీద ఆనుతుంది. కోపంతో లాగితే ఎంత నొప్పో! పాపం, నోరులేని జీవి, ఎవరితో చెప్పుకుంటుంది?

మీ అబ్బాయి స్వారీ ముగించి దిగాక గమనించండి: ముందు గుర్రం చెమట తుడుస్తాడా, ఫోటో కోసం ఫోను తీస్తాడా?