ఆగిపోయిన పని



మన విచారణల బిడ్డలు కొందరు చదువుకో ఉద్యోగానికో జర్మనీ దేశం వెళుతున్నారు. వారిని చూడబోయిన మీరు ఒక సెలవురోజున అందరూ కలిసి రైలెక్కి కొలోన్ నగరానికి వెళ్ళారనుకోండి. స్టేషన్ వెలుపలికి రాగానే ఎదుట మహాదేవాలయం! రెండు గోపురాలు, 157 మీటర్ల ఎత్తు. పిల్లలు 533 మెట్లూ ఎక్కుదామంటారు. మీరు మోకాళ్ళు పట్టుకుని క్రిందనే కూర్చుంటారు. సాయంత్రమే తిరుగుబండి. ఆ కూర్చున్న కాసేపు ఈ ఆలయం కథ ఆలకించండి.

బాలయేసును ఆరాధించిన ముగ్గురు జ్ఞానులవిగా గౌరవింపబడే పవిత్ర అవశేషాలు 1164లో మిలాన్ నుండి ఇక్కడికి చేరాయి. వాటికి తగిన ఆలయం కావాలని 1248 ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగనాడు, పునాదిరాయి వేశారు. బలిపీఠం వైపు భాగం 1322లో ప్రతిష్ఠించబడింది. తరువాత పని మందగించి, 1560లో ఆగిపోయింది. సగం లేచిన దక్షిణ గోపురంపై రాళ్ళెత్తే కొయ్య యంత్రం మాత్రం అలాగే నిలిచింది. తాతలు చూశారు, మనుమలు చూశారు. చివరకు అదే ఊరికి ఆనవాలైంది.

ముఖభాగపు నమూనా గీసిన పాత తోలుపత్రం సగం 1814లో డార్మ్‌స్టాట్‌లో, మిగతా సగం 1816లో ప్యారిస్‌లో దొరికాయి. 1842లో పని మళ్ళీ మొదలైంది. పూర్వులు గీసిన గీతమీదనే గోపురాలు లేపారు. 1868లో కొయ్య యంత్రాన్ని దించారు. 1880లో ఆలయం పూర్తయింది. మొత్తం 632 ఏళ్ళు!

ఇక మీ ఇంటి సంగతి. ఒకప్పుడు దీపాలు పెట్టే వేళ అమ్మమ్మ జపమాల చెప్పిస్తే అందరూ మోకరిల్లేవారు. అది ఎప్పుడు ఆగింది? ఎవరూ వద్దనలేదు. ఒకనాడు పరీక్ష, ఒకనాడు టీ.వీ., ఒకనాడు అలసట. ఇప్పుడు జపమాల మేకుకు వేలాడుతోంది, ఆ కొయ్య యంత్రంవలె. చూచి చూచి అలవాటైపోయింది.

మిమ్ములను మాత్రమే అనడంలేదు. విచారణకు వచ్చిన కొత్తలో నేను వారం వారం ఇల్లిల్లూ దర్శించేవాడిని. పనులు, లెక్కలు పెరిగి అది ఆగిపోయింది. ఎవరూ అడుగలేదు గనుక నేనూ మరచాను. ఈ వారం మళ్ళీ బయలుదేరుతున్నాను.

"పిల్లలు పెద్దవారయ్యారు, ఇప్పుడెలా ఫాదర్?" అంటారేమో. 280 ఏళ్ళు ఆగిన పని తిరిగి లేచింది గదా! పునాది మన పెద్దలు వేసే ఉంచారు. నమూనా అమ్మమ్మ నోట ఉంది. ఆమె ఉండగానే అడిగి నేర్చుకోండి. ఈ రాత్రి ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు చాలు. మొదటి రాయి వేసినవారు గోపురం చూడలేదు. మనమూ చూడకపోవచ్చు. రాయి వేయడం మన వంతు.

ప్రభువును దర్శించిన జ్ఞానులు వచ్చిన త్రోవన తిరిగిపోలేదు, వేరొక మార్గాన ఇంటికి వెళ్ళారు. మీ తిరుగు ప్రయాణమూ అలాగే అగునుగాక. ఆమెన్.