పూదీగ యెవరిది?

శ్రీరంగము భోగమండపము, కాంచి త్యాగమండపము, తిరుమల పుష్పమండపము అని శ్రీవైష్ణవులు చెప్పుకొందురు. వేంకటాచలముమీద పూచిన ప్రతి పువ్వును స్వామిదే. అందుచేతనే కొండపై స్త్రీలు తలలో పూలు ముడుచుకొనరాదను నియమము ఏర్పడినది. స్వామికి అలంకరించిన పూలను ఇతర క్షేత్రములలో వలె భక్తులకు ప్రసాదముగా ఇచ్చు ఆచారమును అచ్చట లేదు. పూర్వము ఆ నిర్మాల్యమును ఆలయములోని పూలబావిలో విడుచుచుండిరి. దేవస్థానము ఆలయములలో వాడిన పూలతో 2021వ సంవత్సరము నుండి అగరుబత్తీలను తయారు చేయించుచున్నారు.

కొండమీద ఈ నియమము సుస్పష్టము. కొండ దిగి ఇల్లు చేరిన పిమ్మట ప్రశ్న మొదలగును. తిరుపతిలోనో చిత్తూరులోనో మేడమీద ఒక కుండీలో మల్లెతీగను పెంచు గృహస్థుని తలంపుడు. మొక్క కొన్నవాడు అతడు. మన్ను తెచ్చినవాడు, నీరు పోసినవాడు అతడు. పూలన్నియు ఇంటిలోని శ్రీనివాసుని పటమునకే అని సంకల్పించుకొన్నవాడును అతడే. ఇక ఆ తీగ ఎవరిది? అతడు దానికి యజమానియా, తోటమాలియా? ప్రశ్న చిన్నదిగా కనబడును. కాని గృహస్థుని భక్తిలో కైంకర్యమెంత, మమకారమెంత అని తెలిసికొనుటకు ఇంతకంటె సులభమైన పరీక్ష అరుదు.

ముందుగా తీగ స్వభావము నెరుగవలెను. మల్లె వేడిదేశపు మొక్క. కొంత పొదవలెను, కొంత తీగవలెను పెరుగును. అడుగున రంధ్రమున్న మట్టికుండీ, ఆ రంధ్రముమీద ఒక పెంకుముక్క, ఎర్రమన్ను, కొంత ఇసుక, బాగుగా మాగిన పశువుల ఎరువు, ప్రాకుటకు నాలుగు వెదురుబద్దలు - దానికి కావలసిన సంభారము ఇంతే. దినమునకు ఐదారు గంటల ఎండ మాత్రము తప్పనిసరి. నీడలో ఉంచిన తీగ ఆకులు వేయునే గాని పూయదు. ఎండ 40 డిగ్రీలు దాటు వేసవి దినములలో ఉదయము, సాయంకాలము కుండీని చూచి నీరు పోయవలెను. ఆశ్వయుజ కార్తికములలో వానలు పట్టినపుడు కుండీలో నీరు నిలువకుండ జాగ్రత్తపడవలెను. నిలిచిన నీటిలో వేరు కుళ్ళిపోవును. మితిమీరిన ప్రేమతో పోసిన నీరును మల్లెను చంపగలదు.

చలికాలమున మార్గశిర పుష్యములలో కొమ్మలను కత్తిరించి, కొన్నాళ్ళు నీరు తగ్గించుట పెంపకములో మరియొక ముఖ్యమైన పని. మల్లె కొత్త చివుళ్ళకే మొగ్గ తొడుగును. కత్తిరించుటకు మనసొప్పనివాని తీగ గుబురుగా పెరుగును గాని, ఫాల్గుణ చైత్రములలో పూయవలసినంత పూయదు. మొక్కను ప్రేమించుట వేరు, మొక్కకు మేలు చేయుట వేరు అని గృహస్థు ఇచ్చటనే తొలిసారి తెలిసికొనును.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో పలువురు ఈ మల్లెనే కుండీలలో పెంచుచున్నారు. మంచు ఈ మొక్కకు గిట్టదు. కావున చలికాలము రాగానే కుండీని ఇంటిలోనికి తెచ్చి, ఎండ పడు కిటికీవద్ద నుంచి, మరల వెచ్చని దినములు వచ్చువరకు కాపాడుదురు. ఆ నెలలలో ఒక్క పువ్వయినను పూయకపోవచ్చును. ఐనను నీరు పోయుట మానరు. పువ్వు లేని నెలలలో జరుగు ఈ సేవ ఎవరికొరకు? పూలే ఫలమని తలంచువానికి ఆ నెలలు వ్యర్థములు. సేవయే ఫలమని తలంచువానికి అందులో ఒక్క దినమును వ్యర్థము కాదు.

మొగ్గను కోయుట హింస కాదా యని కొందరికి సంశయము కలుగును. భగవంతునకు ప్రియమైన ఎనిమిది పుష్పములను పెద్దలు లెక్కించినపుడు మొదటి పుష్పముగా అహింసనే చెప్పిరి. ఇంద్రియనిగ్రహము, భూతదయ, క్షమ, శాంతి, తపస్సు, ధ్యానము, సత్యము తక్కినవి. మల్లెమొగ్గ సంధ్యవేళ విరిసి, ఒకటి రెండు దినములలో తనంతట రాలిపోవును. దానిని మృదువుగా కోసినందువలన తీగ ప్రాణమునకు లోటు లేదు. కొమ్మను విరుచుట, వేరును కదల్చుట, ఎండలో నీరు పోయక మరచుట హింసలగును. ఐతే పూదీగ చుట్టు జరుగు హింస అంతయు తీగకే జరుగదు. ఆ విషయము ముందు తెలియగలదు.

పెంపకములోని అపాయమును శ్రీమద్భాగవతము పంచమస్కంధమున భరతుని చరిత్ర చెప్పుచున్నది. రాజ్యమును త్యజించి పులహాశ్రమమున తపస్సు చేయుచున్న ఆ మహారాజు, గండకీ నదిలో తల్లి లేనిదై కొట్టుకొనిపోవుచున్న లేడిపిల్లను రక్షించెను. దానికి గడ్డి పెట్టెను, భయము వాపెను, ముద్దు చేసెను. క్రమముగా పూజవేళ సైతము దానినే తలంచుచు నియమములు విడిచెను. అంత్యకాలమున దానియందే మనసు నిలిపి, మరుజన్మమున లేడియై పుట్టెను. రాజ్యమునే విడిచినవానిని ఒక లేడిపిల్ల కట్టివేసినది. లేడిని కాపాడుట అతని దోషము కాదు. ఎవరి ఆరాధనకై అడవికి వచ్చెనో ఆ స్వామిని మరచుట దోషము. తెల్లవారి లేచి పటమువైపు చూడక కుండీవైపు పరుగెత్తు గృహస్థు, పూచిన పూలను స్వామికి నివేదించుటకు ముందు ఇరుగుపొరుగు వారికి లెక్క చెప్పు గృహస్థు, ఈ కథను ఒకసారి గుర్తు చేసికొనవలెను.

అట్లయినచో తీగ పెంచకుండుటయే మేలా? కాదనుటకు అనంతాళ్వారు చరిత్రయే సాక్ష్యము. భగవద్రామానుజులు శ్రీరంగమున తిరువాయ్‌మొళికి వ్యాఖ్యానము చెప్పుచు, తిరుమలకు పోయి స్వామికి పుష్పకైంకర్యము చేయగలవారెవరని శిష్యులను అడిగిరి. ఆనాటి తిరుమల దట్టమైన అడవి, చలి గల కొండ. అనంతాళ్వారు ఒక్కరే లేచిరి. భార్యతో కొండ చేరి పూదోట వేసిరి. దానికి నీటి కొరకు స్వయముగా చెరువు త్రవ్వ మొదలిడిరి. గర్భవతియైన ఆయన భార్య మన్ను మోయుచుండెను. ఒక బాలుడు వచ్చి తానును మోసెదననెను. గురువు తమకు అప్పగించిన సేవలో ఇతరులకు పాలు లేదని అనంతాళ్వారు నిరాకరించిరి. బాలుడు ఆయన కన్నుగప్పి ఆ తల్లి చేతి తట్టను అందుకొని సాయపడెను. అది చూచి అనంతాళ్వారు కోపించి చేతిలోని గడ్డపారను విసరిరి. అది బాలుని గడ్డమునకు తగిలెను. బాలుడు పరుగెత్తి ఆలయమున అదృశ్యుడయ్యెను. పిదప మూలమూర్తి గడ్డము నుండి రక్తము కారుట చూచి అర్చకులు నివ్వెరపడిరి. ఆ గాయముపై పచ్చకర్పూరము అద్దిరని, నాటినుండి స్వామి గడ్డమున కర్పూరము అలంకారమైనదని సంప్రదాయము చెప్పును. ఆ గడ్డపారను మహాద్వారమువద్ద నేటికిని యాత్రికులు చూచుచున్నారు.

ఈ కథను స్వామి వాత్సల్యమునకు నిదర్శనముగా చెప్పుదురు, అది యుక్తమే. అందులో గృహస్థునకు మరియొక హెచ్చరికయు కలదు. అనంతాళ్వారుకు తోటమీద మమకారము లేదు, పూలమీద లేదు, కీర్తిమీద లేదు. ఆయనకు మిగిలినది ఒక్కటే: ఈ సేవ నాది అనునది. భరతుని మమకారము లేడిమీద; ఇది సేవమీద. అంతటి మహాత్ముని యందు అంత సూక్ష్మముగా నిలిచినదియు ఒక బాలుని గడ్డమును గాయపరచినది. గాయపడినవాడు ఎవరికొరకై ఆ చెరువు త్రవ్వబడుచున్నదో ఆ స్వామియే.

పువ్వు కొరకు కోపించుట మేడమీది కుండీవద్దను జరుగును. రేపటి పూజకని లెక్కపెట్టి ఉంచిన మొగ్గను ఇంటి పసివాడు ముచ్చటపడి త్రుంచును. కోడలు తెలియక తన జడలో ముడుచుకొనును. వృద్ధురాలైన తల్లి తానును సేవ చేయుదమని నీరు పోసి, అలవాటు లేనందున ఎక్కువ పోయును. అప్పుడు గృహస్థుని నోట వెలువడు మాట గడ్డపార కంటె మెత్తనిదై యుండవలెను. స్వామి పూలకని పసివానిని కొట్టినవాడు మల్లెపువ్వును దక్కించుకొని, ఎనిమిది పుష్పములలో మొదటిదానిని పోగొట్టుకొన్నాడు. ఆ సాయంకాలము అతడు సమర్పించు దోసెడు మల్లెలలో ఆ లోటు తీరదు.

పూదోటకు బాలుడు వచ్చిన కథ ఇది. శ్రీవిల్లిపుత్తూరు తోటలో తులసి పాదువద్ద దొరికిన బిడ్డ కథ మరియొకటి. పెరియాళ్వారు వటపత్రశాయికి నిత్యము మాల కట్టెడివారు. ఆయన పెంచిన గోదాదేవి ఆ మాలను ముందు తాను ధరించి, నీడలో చూచుకొని, తిరిగి బుట్టలో పెట్టుచుండెను. ఒకనాడు ఆ సంగతి కనుగొని పెరియాళ్వారు మిక్కిలి దుఃఖించిరి. ఆ మాలను సమర్పింపక మానిరి. ఆ రాత్రి స్వామి స్వప్నమున సాక్షాత్కరించి, ఆ బిడ్డ ముడిచిన మాలయే తనకు ప్రీతియనెను. నియమము తండ్రిది, ప్రేమ కూతురిది. స్వామి ఆ ప్రేమను కోరి స్వీకరించెను. నేటికిని తిరుమల బ్రహ్మోత్సవములలో గరుడసేవకు శ్రీవిల్లిపుత్తూరు నుండి గోదాదేవి మాల వచ్చుచున్నది. పువ్వును తలలో ముడువరాదను ఆ కొండకే, ముడిచి విడిచిన మాల ఏటేట మర్యాదలతో చేరుచున్నది.

దీనివలన ఇంట నియమము అక్కరలేదని భావింపరాదు. స్వామికని సంకల్పించిన పువ్వు ముందు స్వామికే చెందవలెను. పిదప ఇంటిలో దానిని ప్రసాదముగా కన్నులకద్దుకొని ధరించుట ఆచారమే. కాని నియమమును తప్పినవారికి నేర్పవలసినది ఆ నియమము వెనుక నున్న ప్రేమను. మొగ్గ త్రుంచిన పసివాని చేతికి మరునాడు నీటి చెంబు ఇచ్చి, వానిచేతనే కుండీకి నీరు పోయించి, వాడు పోసిన నీటికి పూచిన పువ్వును వానిచేతనే స్వామి పాదములవద్ద పెట్టించినచో, ఆ ఇంట ఒక సేవకుడు పెరుగును. ఆ పసివాడు పెద్దవాడైన పిదప ఏ ఊర నున్నను కిటికీలో ఒక కుండీని పెట్టుకొనును.

ఎంత కాపాడినను ఒక్కొక్కప్పుడు తీగ ఎండిపోవును. ఊరికి పోయి వచ్చునప్పటికి మన్ను పగిలి, ఆకులు రాలి యుండును. అది ఉపేక్ష వలన జరిగినచో లోపమే. లోపము కాదని చెప్పుకొనుట సత్యమను పుష్పమును విడుచుట. ఐనను లోపమునకు ప్రాయశ్చిత్తము గలదు. బ్రహ్మోత్సవములలో తెలిసియో తెలియకయో జరిగిన లోపములకు కార్తికమాసమున శ్రవణానక్షత్రమునాడు తిరుమలలో పుష్పయాగము జరుగును. నడుమ చిరకాలము ఆగిపోయిన ఆ యాగమును 1980వ సంవత్సరము నవంబరు 14వ తేదీన దేవస్థానము పునరుద్ధరించినది. అంతటి ఆలయమే తన లోపములను పూలతో విన్నవించుకొనుచుండగా, గృహస్థు సిగ్గుపడి సేవ మానవలసిన పని లేదు. ఒక కొత్త అంటు తెచ్చి నాటుటయే అతని పుష్పయాగము. అది పూయువరకు తులసిదళము గలదు, ఉద్ధరిణెడు నీరు గలదు.

బ్రహ్మోత్సవములు ముగిసిన మరునాడు తిరుమలలో బాగ్‌ సవారి జరుగును. మలయప్పస్వామి అప్రదక్షిణముగా బయలుదేరి అనంతాళ్వారు తోటకు విచ్చేయును. పొగడ, సంపెంగలు పూచిన ఆ తోటకు స్వామియే నడచి వచ్చుటలో మొదటి ప్రశ్నకు సమాధానము కలదు. తోట అనంతాళ్వారు పేరనే నిలిచినది. కాని ఆయన తనదని దాచుకొన్నది అందులో ఏదియు లేదు. గడ్డపార విసరిన చేతులతోనే ఆయన తుదివరకు మాలలు కట్టిరి, స్వామి ధరించెను.

మేడమీది మల్లెతీగయు అట్టిదే. తీగ స్వామిది. దానికి నీరు పోయు వంతు ఇంటిలో ప్రతివారిది. పెద్దదో చిన్నదో, తెలిసినదో తెలియనిదో, ఏ చేయి కుండీవైపు చాచినను, ఆ చేతిని అనంతాళ్వారు తోటలోని బాలుని చేతిగా తలంచి చెంబు అందింపవలెను.