గాజుజాడీలోని చెఱువు

తనంతట తాను జీవించు జలప్రపంచము నొకదానిని గాజుజాడీలో నిర్మింపవచ్చునా యనునది శాస్త్రజ్ఞుల ప్రశ్న. అట్టిదానిని చూచి మానవధర్మమును నిర్ణయింపవచ్చునా యనునది మా ప్రశ్న. మొదటిదానికి ప్రత్యుత్తర మిదివఱకే లభించినది. రెండవదాని విషయమున మాత్రము కొందఱు పెద్దలు తొందరపడుచున్నారని మా యభిప్రాయము.

ధర్మవరమునకు సమీపమున నున్న బత్తలపల్లి ప్రాంతమున నీటినిగూర్చి మాటలాడుట బ్రతుకునుగూర్చి మాటలాడుటయే. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు సీమ యిది. చిత్రావతినీటిని పట్టి నిలిపిన బుక్కపట్నము చెఱువును, ధర్మవరము చెఱువును లేకున్నచో నీ సీమచరిత్రము వేఱుగా నుండెడిది. చెఱువు నిండి మరువ పాఱిన యేట పిల్లలు చెఱువునీటిని, గుప్పెడు నాచును, రెండు పరిగపిల్లలను జాడీలో పట్టి యింటికి తెచ్చుట మన మెఱుగనిది కాదు. మూడవనాటికి చేపలు వెల్లకిల పడును. తల్లి జాడీని పెరటిలో కుమ్మరించును. అవి యేల చచ్చినవని విచారించు నిండ్లు మాత్ర మరుదు.

విచారించినవాడు లండనునగరపు రసాయనశాస్త్రజ్ఞుడు రాబర్టు వారింగ్టను. పండ్రెండు గ్యాలనుల నీరు పట్టు గాజుపాత్రలో నాతడు రెండు చిన్న బంగారుచేపలను, వాలిస్నేరియా యను నీటిమొక్కను ఉంచెను. చేప విడిచిన బొగ్గుపులుసు గాలిని మొక్క గ్రహించును; మొక్క విడిచిన ప్రాణవాయువును చేప పీల్చును. లెక్క సరిపోయినట్లే తోచినది. కాని మొక్క ముదురాకులు కుళ్లి నీరు కలకబాఱెను. అప్పు డాతడు చెఱువునత్తలను కొన్నిటిని తెచ్చి విడిచెను. అవి కుళ్లినదానిని తిని నీటిని తేటపఱచెను. వాని గ్రుడ్లు చేపల కాహారమయ్యెను. 1850లో నాతడు ప్రకటించిన యీ వృత్తాంతమున మాకు మిక్కిలి నచ్చిన యంశము, అందమైన చేపయు పచ్చని మొక్కయు కలిసియు నిలుపలేని లోకమును, ఎవరును ముచ్చటపడి చూడని నత్త నిలుపుట.

నత్తకంటె నదృశ్యులైన పనివారు మఱికొందఱు కలరు. చేపల విసర్జనమునుండి పుట్టు అమ్మోనియా విషము. ఒక తెగ సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, వేఱొక తెగ నైట్రేటుగను మార్చును. నైట్రేటును మొక్కలు తినును. మట్టిలో జరుగు నీ కార్యమును రష్యాదేశీయుడు వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున స్పష్టముగ నిరూపించెను. ఈ సూక్ష్మజీవులు క్రొత్తజాడీలోని యిసుకమీదను ఆకులమీదను స్థిరపడుటకు నెలయో నెలన్నరయో పట్టును. పిల్లల చేపలకు మూడు దినములకంటె గడువు లేదు. దీనికి తోడు మన యెండ. 20 డిగ్రీల వేడిమిలో లీటరు నీటియందు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగా, 30 డిగ్రీలలో ఏడున్నర మాత్రమే నిలుచును. రాత్రివేళ మొక్కయు ప్రాణవాయువును పీల్చునదే గాని యిచ్చునది కాదు. తెల్లవాఱుజామున చేపలు నీటిపైకి వచ్చి నోరు తెఱచుట యందువలననే.

ఇంతవఱకు విన్న మిత్రులు కొందఱు మాతో, "చూచితిరా! ప్రకృతియే వర్ణధర్మమును బోధించుచున్నది. చేపకు చేపపని, నత్తకు నత్తపని. నత్త తన పని మానినచో జాడీ చెడును, కులవృత్తులు మానినచో గ్రామము చెడును" అనుచున్నారు. ఈ వాదము వినుటకు సొంపుగా నున్నది. కావుననే దీనిని విడిచిపుచ్చరాదు.

కుళ్లిన యాకు నత్తకు భోజనము. దాని నెవరును నత్తకు విధింపలేదు. పాకీపని చేయు మనుష్యునకు మలము భోజనము కాదు. కూటికొఱకు మోయవలసివచ్చిన యవమానము. నత్తపిల్లయు చేపపిల్లయు శరీరమునందే వేఱు. పాకీవాని బిడ్డయు పండితుని బిడ్డయు నట్లు వేఱు కారు. ఇంతియ కాదు, చేప నత్తను చూచి యీ నీరు నీవు ముట్టరాదని మూలకు తఱుమదు. అందఱ యొడలిలోనికి నొకే నీరు పోవుచుండును. "ఎవరి చోట వారుండవలె" నను మాట జాడీలోనుండి యెన్నడును వినబడదు. బయట నిలిచి చూచువాడే దాని ననును.

1927 మార్చి 20వ తేదిని మహద్ పట్టణమున అంబేద్కరును, ఆయన వెంట వేలకొలది జనులును చవదారు చెఱువునీటిని త్రాగిరి. పిమ్మట సవర్ణులు ఆ చెఱువు మైలపడినదని తలంచి, పేడయు గోమూత్రమును కలిపిన కుండలు తెచ్చి నీట పోసి "శుద్ధి" చేసిరి. జాడీని పదిదినములు గమనించిన పిల్లవానికైన తెలియును, మనుష్యుని దోసిలివలన నీరు చెడదని, పేడవలన చెడునని. పాకీపనిని నిషేధించుటకు మన దేశమున 1993లో నొకసారి, 2013లో మరల నొకసారి శాసనము చేయవలసివచ్చినది. కోలారు బంగారుగనులలో నట్టి పని చేయు తెలుగు కుటుంబమున పుట్టిన బెజవాడ విల్సన్ గారు దాని నిర్మూలనమునకై చేసిన కృషికి 2016లో మెగసేసే పురస్కారమును పొందిరి. నత్తలు తమ పని మానవలెనని యుద్యమము చేయవు. మనుష్యులు చేసిరి. ఉపమాన మక్కడ తెగినది.

అయిన జాడీలో నేర్చుకొనదగిన దేదియు లేదని మే మనము. "స్వయంపోషకము" అను మాటలోని గర్వము నది చక్కగా నడచును. లోపలి ప్రాణులలో నొక్కటియు తన్ను తాను పోషించుకొనుట లేదు, సూర్యుడు బయటివాడు. అమెరికాలోని అరిజోనాయందు మూడెకరములకు పైబడిన గాజుమందిరమును కట్టి 1991లో ఎనిమిదిమంది లోపల రెండేండ్లుండుటకై ప్రవేశించిరి. మట్టిలోని సూక్ష్మజీవులు ప్రాణవాయువును తినివేయుటచేత, గాలిలో నూటికి ఇరువదియొకటిగా నుండవలసినది పదునాలుగు ప్రాంతమునకు దిగజాఱెను. ఆ జీవులు విడిచిన బొగ్గుపులుసు గాలిని కాంక్రీటు గోడలు పీల్చుకొనుటచేత మొక్కలకు తిరిగి యిచ్చు నవకాశము తగ్గెను. 1993 జనవరిలో బయటినుండి ప్రాణవాయువును పంపవలసివచ్చెను.

ఆ యెనిమిదిమంది తమ కూపిరాడుట లేదని చెప్పగలిగిరి. చేప చెప్పజాలదు. మన పథకము ఫలించినదని నిరూపించుటకై దానిని మూసిన జాడీలో నుంచుట మాకు సమ్మతము కాదు. నత్తకు మాత్రము ప్రాణము లేదా యని యడుగువా రుందురు. ఉన్నది. అయినను నాచుకొలది పెరిగి, నాచు తగ్గిన తగ్గు నత్తకును, చిన్నపాత్రలో నొక్కదినమైన నెమ్మదిగ నీదలేని చేపకును భేదము కలదు. పాత్ర యెంత చిన్నదో ప్రాణియు నంత చిన్నది కావలెను.

ఇంట చేయదలచినవారు జాడీ యడుగున రెండు వ్రేళ్ల మందమున చెఱువు ఒండ్రును, దానిపై నిసుకను పఱచి, హైడ్రిల్లా యను సామాన్యపు నాచును నాటి, ఉదయపు వెలుగు మాత్రమే సోకు కిటికీవద్ద నెలన్నర యుంచవలెను. పిమ్మట నాలుగు నత్తలు చాలును. మూతికి పలుచని గుడ్డ కట్టనిచో దోమలు గ్రుడ్లు పెట్టును. బత్తలపల్లి వేసవిలో నీరు త్వరగా నావిరియగును. బోరునీటిని మాటిమాటికి పోసినచో నందలి లవణములును, ఈ సీమ బావులలో పెక్కింట నుండు ఫ్లోరైడును ఆవిరిగా పోక జాడీలోనే పేరుకొనును. అందువలన మిద్దెమీది వాననీటిని వానకాలముననే యొక కుండలో పట్టి దాచుకొనవలెను.