గోడ కవతలి మిత్రుడు

బరంపురములోని మా వీధిలో ఒక యింట చిలికిన మజ్జిగ నాలుగిండ్లకు పోవుట నేటికిని కద్దు. ఈ యలవాటే నన్నొక ధర్మసందేహమున పడవైచినది.

మా చిన్నవాడు ఇంటి రౌటరునకే వి.పి.ఎన్. అమర్చి, చందా నా పేరున కట్టి పోయెను. ఇంటినుండి వెలువడు సమాచారమంతయు గూఢలిపిగా మారి, ఎక్కడనో యున్న సర్వరును చేరి, అచ్చటి చిరునామాతో లోకమున ప్రవేశించును. ప్రతి ఫోనులోను వేరుగా అమర్చ నక్కరలేదు. కంపెనీవారి లెక్కలో రౌటరు వెనుకనున్న వన్నియు కలిసి ఒక్క పరికరమే. ఇది తెలిసి గోడ కవతలి మిత్రుడు, నలువది యేండ్ల స్నేహితుడు, "ఏమోయ్, ఆ పాస్‌వర్డు మా మనుమనికి చెప్పరాదా? నీకు తరుగున దేమున్నది?" అని యడిగెను.

తరుగునది కొంత కలదు. గూఢలిపి వ్రాయు శ్రమయంతయు ఆ చిన్న పెట్టెదే. పదిమంది చేరిన వేగము మందగించును. అది సహింపవచ్చును. చందా ఒక్క కుటుంబమునకే యని షరతులలో నున్నది. మిత్రుడు కుటుంబము కాడా యని వాదింపవచ్చును గాని, గుమాస్తాగిరి చేసిన చేయి అందుకు సాగలేదు.

నన్ను ఆపినది వేరొకటి. ఆఫీసులో రబ్బరు ముద్ర నా సొరుగులో నుండెడిది. ఎవరు ఏ కాగితముపై వేసినను సంజాయిషీ నాదే. నూతి నీరు త్రాగినవాడు చేయు పనికి నూతి యజమాని బాధ్యుడు కాడు. ఈ పాస్‌వర్డు నీరు కాదు, ముద్ర. వి.పి.ఎన్. నడుపువారు చందాదారుల పేర్లు, చిరునామాలు కనీసము 5 సంవత్సరములు భద్రపరుపవలెనని కేంద్ర ప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఆదేశించెను. అది సమ్మతింపక కొన్ని విదేశీ కంపెనీలు ఆ యేడే మన దేశములోని సర్వర్లను తొలగించుకొన్నవి. ఎక్కడ వ్రాసినను వ్రాయబడునది నా పేరే గాని ఆ మనుమని పేరు కాదు.

పోనీ, ఇచ్చి కనిపెట్టి యుండవచ్చును గదా? ఇతరుల కన్ను పడకుండుటకే తెచ్చుకొన్న వస్తువును మిత్రుని కిచ్చి, అతనిపై నా కన్ను వేయుటయా? అంతకంటె ఈయకుండుటయే మర్యాద యనిపించినది. వారికి వేరుగా అమర్చి యిచ్చుటకు మావాని నంపెద నంటిని. మిత్రుడు నవ్వెను గాని, రెండు సాయంకాలములు మా యరుగు మీదికి రాలేదు.

ఇప్పుడా మనుమడు సెలవులలో మా వసారాలో కూర్చుండి అదే రౌటరు వాడుకొనుచున్నాడు. నేనటు చూడను. గోడకు ఇవతల లేని దోషము అవతల నెట్లు వచ్చినదని నా భార్య యడుగును. నాకింకను సమాధానము తోచలేదు.