చుక్కల కింద నేల

2022లో ఆస్ట్రేలియాలో బ్రెవిల్ కంపెనీ కెటిళ్ల మీద, టోస్టర్ల మీద, కాఫీ మెషీన్ల మీద అక్కడి ఆదివాసుల బొమ్మలు వేయించింది. వేసినవాళ్లలో పింటుపి చిత్రకారులున్నారు. 1984 దాకా గిబ్సన్ ఎడారిలో బయటి లోకమెరగకుండా బతికిన కుటుంబం వాళ్లది. లాభమంతా ఆదివాసుల కోసమేనంది కంపెనీ.

మనకు కనిపించేవి చుక్కలు, గీతలు. వాళ్లకవి నీటిగుంటలు, ఇసుకదిబ్బలు, పూర్వీకులు నడిచిన దారులు. ఏ కథ ఎవరు గీయాలన్నది పుట్టుకను బట్టి, నేలను బట్టి ఉంటుంది. అంటే అది అలంకారం కాదు, పట్టా.

తెల్లవాళ్లు రాకముందు ఆ నేల ఎవరిదీ కాదన్న అబద్ధాన్ని అక్కడి హైకోర్టు 1992లో, మాబో తీర్పులో గానీ కొట్టెయ్యలేదు. కానీ 1966లోనే డేవిడ్ మలంగి బొమ్మను ఆయన్ని అడక్కుండా డాలరు నోటు మీద అచ్చేశారు. నేల మీద హక్కు లేదన్న రాజ్యానికే బొమ్మ కావాల్సి వచ్చింది!

ఈ సంగతి మాకు కొత్త కాదు. మా బిర్యానీ అందరికీ కావాలి. మా పేరు చెప్తే మాత్రం అద్దెకు ఇల్లు లేదంటారు.

అడిగి వేయించుకోవడం, డబ్బివ్వడం న్యాయమే. కాదనం. కానీ అది సగం న్యాయం. కెటిల్లో నీళ్లు కాగుతుంటే, దాని మీది నీటిగుంట ఇవాళ ఎవరి చేతిలో ఉందని అడగాలి కదా? అడగనివాళ్లం బొమ్మను కొన్నాం. మనిషిని గౌరవించలేదు.